మా బడి ల్యాబ్‌కు నెట్ కేబుల్ మేమే లాగాం: నా అనుభవం

నేను లెక్కల టీచర్‌ని. గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్లో, హైస్కూల్లో పని చేస్తాను. మా బడిలో చదువుకుని పైకొచ్చిన పాత విద్యార్థులు కొందరు కలిసి ఇరవై కంప్యూటర్లు ఇచ్చారు. అవి వచ్చి ఏడు నెలలైనా ఒక్కదానికీ నెట్ లేదు. అంతకుముందు ఎవరో కాంట్రాక్టరు వచ్చి ఆఫీసు గది నుంచి ల్యాబ్ దాకా చెట్ల మీదుగా ఒక కేబుల్ లాగి, చివర ఒక చిన్న డబ్బా బిగించి వెళ్లిపోయాడట. వానాకాలం మొదట్లో పిడుగు పడిన రాత్రి ఆ డబ్బా కాలిపోయింది, అంతే, తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పిల్లలు మాత్రం ల్యాబ్ పీరియడ్‌లో బొమ్మలు గీసుకుని వచ్చేస్తున్నారు. పదో తరగతి అమ్మాయి ఒకతె "టీచర్, ఇందులో ఇంటర్నెట్ ఎప్పుడొస్తుంది" అని మూడోసారి అడిగినప్పుడు ఇక ఊరుకోలేకపోయాను. వేసవి సెలవుల్లో నేనే దగ్గరుండి చేయిస్తానని హెడ్మాస్టర్ గారికి చెప్పేశాను.

చెప్పినంత తేలిక కాదని తర్వాత తెలిసింది. కానీ ఆ నెల రోజుల్లో నేర్చుకున్నది బీఎడ్ తర్వాత ఎక్కడా నేర్చుకోలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను. ఎవరైనా బడికో, ట్యూషన్ సెంటర్‌కో, సొంత ఇంటికో కేబుల్ వేయించుకోబోతుంటే పనికొస్తుంది.

మొదట హెడ్మాస్టర్ సార్ అడిగిన ప్రశ్న "అన్నిటికీ వైఫై పెట్టేస్తే పోలా, తీగలెందుకమ్మా" అని. న్యాయమైన ప్రశ్నే. మా కంప్యూటర్లలో సగానికి వైఫై కార్డే లేదు, అది ఒక కారణం. రెండోది, వైఫైలో ఒక చానల్ మీద ఉన్న పరికరాలన్నీ ఒకే గాలిని పంచుకుంటాయి, ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఆగాలి. ఇరవై మంది పిల్లలు ఒకేసారి వీడియో పాఠం తెరిస్తే ఇరవై మంది ఒకే మైకు కోసం లైన్లో నిలబడ్డట్టే. అదే తీగ అయితే ఒక్కో కంప్యూటర్‌కు తన దారి తనదే. కదలకుండా టేబుల్ మీద ఉండే దానికి తీగే సరైనది, చేతిలో తిరిగే ఫోన్లకు వైఫై. ఇప్పటికీ నా అభిప్రాయం ఇదే.

మా ఊళ్లో ఎలక్ట్రీషియన్ బాబాయ్ ఉన్నాడు, సొంత బాబాయ్ కాదు, ఊరంతా అలాగే పిలుస్తాం. ముప్పై ఏళ్లుగా ఇళ్లకు కరెంటు పని చేస్తున్న మనిషి, చేతి పని చాలా శుభ్రంగా ఉంటుంది. నెట్ కేబుల్ కూడా పది పదిహేను చోట్ల వేశానన్నాడు. ఇద్దరం టేపు పట్టుకుని ల్యాబ్ గది కొలిచాం. స్విచ్చు, అంటే నెట్‌ను అన్ని కంప్యూటర్లకూ పంచే డబ్బా, పెట్టే మూల నుంచి గోడ వెంబడి దగ్గరి కంప్యూటర్‌కు 6 మీటర్లు, అన్నిటికంటే దూరపుదానికి 22 మీటర్లు వచ్చింది. సగటున 14 వేసుకుంటే ఇరవైకి 280 మీటర్లు. కేబుల్ డబ్బాలో 305 మీటర్లు ఉంటుంది, అంటే వెయ్యి అడుగులు. ఒక్క డబ్బాతో సరిపోతుంది, 25 మీటర్లు మిగులుతుంది కూడా. ఈ లెక్క నాకు భలే నచ్చింది. రాగి తీగ మీద ఇలా నెట్ లాగడానికి హద్దు 100 మీటర్లు. అందులో 90 గోడల్లో కదలకుండా ఉండే తీగకు, మిగతా 10 రెండు చివర్లలో వాడే చిన్న కార్డులకు. మా ల్యాబ్‌లో ఆ హద్దు దరిదాపుల్లోకి కూడా పోలేదు.

నెట్ కేబుల్లో రకాలున్నాయి, క్యాట్ 5ఈ సరిపోతుందా, దానికంటే మెరుగైన క్యాట్ 6 కావాలా అని కొంచెం ఆలోచించాం. మా అవసరానికి క్యాట్ 5ఈ కూడా చాలు, అదీ 100 మీటర్ల దాకా సెకనుకు గిగాబిట్, అంటే వెయ్యి మెగాబిట్లు, మోస్తుంది. క్యాట్ 6 అయితే గిగాబిట్‌తో పాటు, 55 మీటర్ల లోపు దూరానికి 10 గిగాబిట్ కూడా మోయగలదు. గోడకు ఒకసారి బిగించాక పదిహేనేళ్లు దాన్ని ఎవరూ కదపరు, ధరలో తేడా కొంచెమే, కాబట్టి క్యాట్ 6 అనుకున్నాం.

మొదటి దెబ్బ ఇక్కడే తగిలింది. పక్క టౌన్‌లో ఒక షాపులో క్యాట్ 6 డబ్బా మేము అనుకున్న ధరలో దాదాపు సగానికే ఇస్తానన్నాడు. తెచ్చేసుకున్నాం. బాబాయ్ నాలుగు కంప్యూటర్లకు తీగ లాగేశాడు కూడా. ఐదోది లాగుతుంటే ఒక కొస మడతపడి లోపలి తీగ పుటుక్కున తెగిపోయింది. రాగి అలా తెగదే అని బాబాయ్‌కే అనుమానం వచ్చి, బ్లేడు తీసి తీగ మీద గీకాడు. పైన ఎర్రగా రాగి రంగు, గీకిన చోట మాత్రం తెల్లగా వెండిలా మెరిసింది. అల్యూమినియం. పైన రాగి పూత పూసిన అల్యూమినియం తీగ, దీన్నే సీసీఏ అంటారు. డబ్బా మీద ఎక్కడా ఆ మాట లేదు, అసలు ఏ లోహమో కూడా రాయలేదు, క్యాట్ 6 అని పెద్దక్షరాలతో ఉందంతే. క్యాట్ 6 ప్రమాణం నిజానికి రాగిని మాత్రమే ఒప్పుకుంటుంది.

అల్యూమినియం అయితే ఏమవుతుంది అని మా సైన్స్ మాస్టారు అడిగారు, ఆయనకు తెలియక కాదు, నా చేత చెప్పిద్దామని. కరెంటును అడ్డుకునే గుణం అల్యూమినియానికి రాగి కంటే ఒకటిన్నర రెట్ల పైనే ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ సన్నగిల్లుతుంది. నెట్ తీగ మీదే కెమెరాకో వైఫై డబ్బాకో కరెంటు కూడా పంపితే తీగ వేడెక్కుతుంది, అవతల కొసకు చేరే వోల్టేజీ తగ్గిపోతుంది. పైగా రెండు మూడుసార్లు వంచితే తెగుతుంది, అది మా కళ్ల ముందే జరిగింది. బరువును బట్టి కూడా కనిపెట్టవచ్చు. రాగి సాంద్రత 8.96, అల్యూమినియం 2.7, కాబట్టి ఒకే పొడవున్న రెండు డబ్బాలను చేత్తో ఎత్తి చూస్తేనే తేడా తెలిసిపోతుంది. షాపతను మేము వాడిన అరవై మీటర్లు పోను మిగతాది వెనక్కి తీసుకున్నాడు, అంతవరకు మేలు. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, వాడికి ఫోన్ చేసి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి, అదే కంప్యూటర్ సామాను అమ్మే కాంప్లెక్స్‌కి వెళ్లి, గీకి చూపించమని అడిగి మరీ కొనమన్నాను. వాడు రాత్రి బస్సులో డబ్బా వేసుకుని వచ్చాడు. దింపుతుంటేనే బరువు తెలిసింది, ప్రాణం కుదుటపడింది.

తీగ లాగడం గురించి ఎక్కువ చెప్పను, అది చెమటోడ్చే పని, మే నెల ఎండలో మరీను. రెండే మాటలు. ఒకటి, కరెంటు తీగ ఉన్న పట్టీలోనే నెట్ తీగ పెట్టకూడదు. బాబాయ్ మొదట "ఒకే కేసింగ్ పట్టీలో పోనిద్దాం అమ్మా, గోడ అందంగా ఉంటుంది" అన్నాడు. 230 వోల్టుల తీగ పక్కనే మీటర్ల కొద్దీ నెట్ తీగ పోతే ఆ కరెంటు అలజడి దీనిలోకి దిగుతుంది, ఎప్పుడైనా కరెంటు తీగ తొడుగు చిట్లితే నేరుగా ప్రమాదం కూడా. అందుకని కరెంటు పట్టీ కింద, నెట్ పట్టీ పైన, మధ్యలో జానెడుకు మించి ఎడం ఉంచాం. దాటక తప్పని చోట అడ్డంగా, నిలువు గీత మీద అడ్డ గీత పడ్డట్టు దాటించాం. రెండోది, మూలల దగ్గర తీగను కర్రలా విరవకూడదు. తీగ లావుకు నాలుగు రెట్ల వ్యాసార్థం కంటే బిగువుగా వంచవద్దని లెక్క. క్యాట్ 6 తీగ ఆరు మిల్లీమీటర్లుంటే వంపు వ్యాసార్థం కనీసం 24. కట్టలు కట్టేటప్పుడు కూడా ప్లాస్టిక్ ట్యాగులతో గొంతు నొక్కినట్టు బిగించకుండా వెల్‌క్రో పట్టీలు వాడాం.

ఇక అసలు విషయానికి వస్తాను.

గోడ పాయింట్లకు పెట్టే సామాను రావడానికి వారం ఆలస్యమైంది. ఈలోపు పని చేస్తుందో లేదో చూసుకుందామని బాబాయ్ ఆరు తీగలకు రెండు కొసలా ఆర్‌జే45 ప్లగ్గులు (కంప్యూటర్లో గుచ్చే ఎనిమిది పిన్నుల ప్లగ్గులు) క్రింప్ చేశాడు, అంటే టూల్‌తో నొక్కి బిగించాడు. టెస్టర్ పెట్టాడు. మీరూ చూసే ఉంటారు, రెండు ముక్కలుగా ఉండే చిన్న పరికరం, ఒక కొసకు ఒకటి, రెండో కొసకు ఇంకోటి తగిలిస్తే ఒకటి నుంచి ఎనిమిది దాకా ఆకుపచ్చ లైట్లు వరసగా వెలుగుతాయి. ఆరు తీగలకూ ఎనిమిదీ వరసగా వెలిగాయి. "చూశావా అమ్మా, అన్నీ పర్ఫెక్ట్" అన్నాడు. నేనూ సంతోషపడ్డాను. కంప్యూటర్లు తగిలిస్తే దగ్గరి రెండూ ఏదో నడిచాయి. దూరపు నాలుగు మాత్రం నానా తిప్పలు పెట్టాయి. కాసేపు గిగాబిట్ అని చూపిస్తుంది, కాసేపటికి 100 మెగాబిట్లకు పడిపోతుంది, ఫైలు కాపీ పెడితే ఆగి ఆగి పోతుంది, పింగ్ కొడితే, అంటే అవతలి కంప్యూటర్‌కు చిన్న పలకరింపు పంపి జవాబు కోసం చూస్తే, పది పోతే మూడు తిరిగిరావు. తీగ కొత్తది, రాగిది, దూరం 22 మీటర్లు మాత్రమే. స్విచ్చు పాడైందేమో అని పోర్టులు మార్చాం. కంప్యూటర్లు అటూ ఇటూ మార్చాం. మూడు రోజులు నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. సార్‌కి ఏం చెప్పాలి, పిల్లలకు ఏం చెప్పాలి అని.

నాలుగో రోజు పొద్దున్నే, ఇంట్లో కాఫీ తాగుతూ, మిగిలిన ఒక అడుగు కేబుల్ ముక్కను చేతిలోకి తీసుకుని తొడుగు చీల్చాను. లోపల ఒక తెల్లటి దారం ఉంటుంది, దాన్ని పట్టి లాగితే తొడుగు దానంతట అదే చీలుతుంది. నడిమధ్య ప్లస్ గుర్తు ఆకారంలో ఒక ప్లాస్టిక్ వెన్నెముక, దాని నాలుగు గదుల్లో నాలుగు జతలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ప్రతి రంగుకూ తోడుగా అదే రంగు చార ఉన్న తెల్ల తీగ. జడ అల్లినట్టు ఒకదాని మీద ఒకటి మెలిపెట్టి ఉన్నాయి. ఊరికే మెలికలు లెక్కపెట్టాను. నాలుగు జతలకూ నాలుగు రకాల లెక్క వచ్చింది! ఒకటి ఒత్తుగా, ఒకటి వదులుగా. ఫ్యాక్టరీలో చేసిన వస్తువులో ఇలా తేడా ఉందంటే దానికో కారణం ఉండి తీరాలి కదా.

కారణం ఇదీ. ఒక జతలో ఒక తీగ మీద సిగ్నల్ ఎంత పైకి పోతుందో రెండో తీగ మీద అంత కిందికి పోతుంది. ఒకదాని మీద a అయితే ఇంకోదాని మీద మైనస్ a. బయటి నుంచి ట్యూబ్‌లైట్ చోక్‌దో, ఫ్యాను రెగ్యులేటర్‌దో అలజడి వస్తే, రెండూ మెలిపడి పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది, దాన్ని n అనుకుందాం. అవతలి కొస చూసేది తేడాను మాత్రమే. (a + n) లోంచి (–a + n) తీసేస్తే 2a. అలజడి కొట్టుకుపోయింది! ఎనిమిదో తరగతిలో నేను ప్రతి ఏడూ చెప్పే తీసివేత, గోడ మీద తీగలో కూర్చుని రోజంతా జరుగుతోంది. ఈ మెలిక ఆలోచన టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్‌ది, 1881లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇక నాలుగు జతలకూ మెలికల లెక్క వేరుగా ఉండేది, పక్క జత సిగ్నల్ కూడా ఒకదాని మీదికి ఇంకోటి ఎక్కకుండా. ఒకే లెక్కలో మెలిపెడితే రెండు జతల్లో అవే తీగలు ప్రతిచోటా ఎదురెదురు పడి ఒకదాని మాట ఒకటి మోసేస్తాయి.

గబగబా బడికి వెళ్లి బాబాయ్ క్రింప్ చేసిన ప్లగ్గును వెలుగులో పెట్టి చూశాను. ప్లాస్టిక్ గుండా రంగులు కనిపిస్తాయి. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెల్ల నీలం, నీలం, తెల్ల గోధుమ, గోధుమ. జత పక్కన జత, బుద్ధిగా వరసలో. చూడ్డానికి ఎంత సబబుగా ఉందో! కానీ నెట్ కార్డు జతగా వాడుకునేది 1, 2 పిన్నులను, 3, 6 పిన్నులను, 4, 5ను, 7, 8ను. బాబాయ్ వరసలో 3వ పిన్నుకు తెల్ల ఆకుపచ్చ, 6వ పిన్నుకు నీలం వచ్చాయి. అంటే ఒక జతలో ఉండాల్సిన ఇద్దరూ వేర్వేరు మెలికల్లో ఉన్నారు. నా తీసివేత అక్కడ కుదరదు, n ఒకదాని మీద ఒకలా ఇంకోదాని మీద ఇంకోలా పడుతుంది. టెస్టర్ ఏం చేస్తుంది? ఈ కొస ఒకటో పిన్ను ఆ కొస ఒకటో పిన్నుకు తగిలిందా లేదా అని మాత్రమే చూస్తుంది. రెండు కొసలా ఒకే తప్పు చేస్తే అది పచ్చ లైటే వేస్తుంది. ఈ తప్పును స్ప్లిట్ పెయిర్ అంటారు. జత విడిపోయిన తీగ.

సరైన వరస ఇది, టీ568బీ అంటారు: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత విడిపోయి మధ్యలో నీలం జతను కౌగిలించుకున్నట్టు ఉంటుంది. ఇంత వంకర వరస ఎందుకంటే, పాత టెలిఫోన్ సాకెట్లలో నడిమి రెండు పిన్నులు మొదటి లైనుకు, వాటికి అటూ ఇటూ ఉన్నవి రెండో లైనుకు. నెట్ తీగలు ఆ అలవాటును అలాగే తీసుకున్నాయి. టీ568ఏ అని ఇంకో వరస ఉంది, అందులో నారింజ, ఆకుపచ్చ జతలు చోటు మార్చుకుంటాయి. ఏదైనా ఫరవాలేదు, రెండు కొసలా ఒకటే ఉండాలి. మేము బీ ఎంచుకున్నాం.

బాబాయ్‌కు చెప్పడానికి నాకు చాలా మొహమాటం వేసింది. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. బోర్డు మీద a, n రాసి చూపించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అంటే అమ్మా, నేను ఇదివరకు వేసిన చోట్లన్నీ ఇలాగే ఉంటాయి కదా" అన్నాడు. అప్పట్లో ఎవరూ నెట్ నెమ్మదిగా ఉందని కేబుల్‌ను అనుమానించలేదు, కంపెనీనే తిట్టుకుని ఉంటారు. ఆ ఆరు తీగలకూ పన్నెండు ప్లగ్గులూ కోసేసి ఆయనే మళ్లీ చేశాడు. నేను పక్కనే కూర్చుని చూశాను, రెండు నేనే చేశాను కూడా.

క్రింపింగ్ ఇలా. తొడుగును అంగుళం పైన కోయాలి, బ్లేడు లోపలి తీగలకు తగలకూడదు. ప్లాస్టిక్ వెన్నెముకను మొదలంటా కత్తిరించాలి. మెలికలు విప్పి, ఒక్కో తీగను బొటనవేలి గోరుకీ చూపుడువేలికీ మధ్య రెండుసార్లు లాగితే నిటారుగా వస్తుంది. వరస పేర్చి గట్టిగా పట్టుకుని, విప్పిన భాగం 13 మిల్లీమీటర్లకు, అంటే అర అంగుళానికి మించకుండా ఒకే కోతలో సమంగా కోయాలి. ప్లగ్గు మీద క్లిప్పు కిందికి ఉండేలా పట్టుకుని, తీగ మన వైపు నుంచి లోపలికి పోయేటట్టు దూరిస్తే ఎడమవైపుది ఒకటో పిన్ను. ఎదురుగా తిప్పి చూస్తే ఎనిమిది రాగి చుక్కలు ప్లగ్గు ముఖానికి ఆనుకుని మెరవాలి. ఏడే కనిపిస్తే నొక్కవద్దు, తీసి మళ్లీ చేయాలి. బయటి తొడుగు కూడా ప్లగ్గు లోపలికి వెళ్లి ఆ చిన్న నొక్కు కింద ఇరుక్కోవాలి, లేకపోతే తీగ లాగిన ప్రతిసారీ బరువంతా సన్న తీగల మీదే పడుతుంది. ఇవన్నీ అయ్యాకే టూల్ నొక్కాలి. టక్కుమని శబ్దం వస్తుంది చూడండి, ఆ శబ్దం నాకు చాలా ఇష్టమైపోయింది.

మళ్లీ తగిలించి 1 జీబీ ఫైలు దూరపు కంప్యూటర్‌కు పంపాం. ముందు రోజు 100 మీద పడిపోయినప్పుడు సెకనుకు 11 ఎంబీ కూడా కష్టంగా వచ్చేది, నిమిషంన్నర దాటేది. ఇప్పుడు పది సెకన్లలో అయిపోయింది. బాబాయ్ ఇంకోసారి పంపించమన్నాడు. ఇంకోసారి పంపించాను. మూడోసారి కూడా అడిగాడు.

సామాను వచ్చాక గోడలకు పాయింట్లు బిగించి, ఇటు కొసలన్నీ స్విచ్చు పైన ప్యాచ్ ప్యానెల్‌లో, అంటే సాకెట్లు వరసగా ఉండే పట్టీలో, పంచింగ్ టూల్‌తో దింపాం. ప్యానెల్ దండగ ఖర్చు కాదా, నేరుగా స్విచ్చులో పెట్టుకోవచ్చు కదా అని సార్ అడిగారు. గోడలో పోయే తీగ లోపల ఒక్కటే గట్టి రాగి కడ్డీ ఉంటుంది, దాన్ని నెలకోసారి వంచి తీసి పెడుతుంటే తెగుతుంది. చేత్తో కదిలేవి సన్న పోగులతో చేసిన మెత్తటి ప్యాచ్ కార్డులే కావాలి, అవి పోతే కొత్తవి వేసుకుంటాం. ఆ తేడా ఆయనకు నచ్చింది, డబ్బు సర్దారు. ప్యానెల్ మీదా, గోడ మీదా ఒకటే అంకె రాయించాను, 1 నుంచి 20. ఈ అంకెలు లేకుండా ఎవరూ కేబుల్ పని ముగిసిందనుకోవద్దని నా మనవి, ఎందుకంటే రెండు వారాల్లోనే అవి మమ్మల్ని ఆదుకున్నాయి.

స్విచ్చు 24 పోర్టులది, గిగాబిట్, మామూలుది. స్టోర్ గదిలో పాత హబ్ ఒకటి దొరికితే దాన్నీ వాడదామన్నారు. వద్దన్నాను. హబ్ ఒకరు చెప్పింది అందరి చెవిలోనూ వేస్తుంది. స్విచ్చు అలా కాదు, ఏ పోర్టు వెనక ఏ కంప్యూటర్ ఉందో దాని మ్యాక్ చిరునామాను (ప్రతి నెట్ కార్డుకూ ఉండే గుర్తింపు నంబరును) బట్టి గుర్తుపెట్టుకుని, ఎవరి ఉత్తరం వాళ్లింటికే వేస్తుంది. ఎవరిదో ఇంకా తెలియకపోతేనో, అందరికీ అని రాసి ఉంటేనో మాత్రం అన్ని పోర్టులకూ పంపుతుంది.

ఆ "అందరికీ" అనేదే ఒకరోజు కొంప ముంచింది. పిల్లలతో ట్రయల్ చేస్తుండగా హఠాత్తుగా ఇరవైకి ఇరవై ఆగిపోయాయి. స్విచ్చు మీద లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా మిణుకుమంటున్నాయి. ఒక్కో ప్యాచ్ కార్డూ తీస్తూ వచ్చాం, 17వది తీయగానే అంతా శాంతించింది. వెళ్లి చూస్తే 17వ పాయింట్ నుంచి ఉత్తినే వేలాడుతున్న కార్డు కొసను, తొమ్మిదో తరగతి బాబు పద్ధతిగా ఉంటుందని పక్కనున్న 18లో గుచ్చాడు. ఒక తలుపులోంచి బయటికి పోయిన సందేశం ఇంకో తలుపులోంచి మళ్లీ లోపలికి వచ్చి, మళ్లీ అందరికీ పోయి, అలా క్షణంలో లక్షలసార్లు తిరిగి స్విచ్చు ఊపిరాడక నిలిచిపోయింది. ఖరీదైన స్విచ్చులు దీన్ని కనిపెట్టి ఆపుతాయి, మాది ఆపదు. ఆ బాబు ఏడుపు మొహం పెట్టాడు, నేను మాత్రం వాడి చేతే బోర్డు మీద ఆ చుట్టు బొమ్మ గీయించి క్లాసుకంతా చెప్పించాను.

మిగిలింది ఆఫీసు భవనం. ఇంటర్నెట్ ఫైబర్ దిగేది అక్కడే, ల్యాబ్‌కు మధ్యలో వేపచెట్లున్న మైదానం, 60 మీటర్లు. 100 లోపే కాబట్టి రాగి తీగే మళ్లీ వేసేద్దామని అందరూ అన్నారు. నేను గట్టిగా అడ్డుపడ్డాను, ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినలేదు. రెండు భవనాలకు రెండు ఎర్తింగులు. దగ్గర్లో పిడుగు పడితే ఆ రెండు ఎర్తుల మధ్య ఒక్క క్షణం భారీ వోల్టేజీ తేడా వస్తుంది, మధ్యలో రాగి తీగ ఉంటే అది దారి ఇచ్చేస్తుంది. పాత డబ్బా కాలింది చాలా మటుకు అందుకేనని నా నమ్మకం. ఫైబర్ అయితే గాజు, కరెంటు పోదు. తీగకు బలం కోసం లోపల ఉక్కు లేని రకం ఫైబర్ తీసుకుని, పైపులో నేల కింద వేయించాం. రెండు కొసలా మీడియా కన్వర్టర్లు, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుగును రాగి తీగ సిగ్నల్‌గా, దాన్ని మళ్లీ వెలుగుగా మార్చే డబ్బాలు. ఒకే ఫైబర్ పోగు మీద అటూ ఇటూ నడవాలంటే ఇవి జతగా కొనాలి, ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద వింటుంది, రెండోది తిరగేసి. రెండూ ఒకే రకం తెస్తే ఎంతసేపు చూసినా లైటు వెలగదు.

ఫైబర్ అతకడానికి మా ఊరి కేబుల్ టీవీ కుర్రాడు స్ప్లైసింగ్ మిషన్ తెచ్చాడు. గాజు పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో వెలుగు నడిచే నడిమి దారి 9 మైక్రాన్లే. పై పూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, చిన్న కోత యంత్రంలో పెట్టి ఠక్కున కోశాడు. మిషన్ తెర మీద రెండు కొసలు రెండు దుంగల్లా ఎదురెదురుగా కనిపించాయి, వాటంతట అవే జరిగి సరిచూసుకున్నాయి, ఒక్క మెరుపు, అంతే, ఒకటైపోయాయి. తెర మీద 0.02 డీబీ అని పడింది, నష్టం దాదాపు ఏమీ లేనట్టే. తర్వాత ఎర్ర లైటు పెన్ను ఒక కొసలో పెట్టాడు. "టీచర్ గారూ, కన్ను దగ్గర పెట్టకండి, గోడ మీద పడేటట్టు చూడండి" అన్నాడు. 60 మీటర్ల అవతల ల్యాబ్ గోడ మీద ఎర్రటి చుక్క పడింది. సార్, బాబాయ్, నేను, అటెండర్, నలుగురం ఆ చుక్కను చూస్తూ నిలబడ్డాం.

జూన్ 12న బడి తెరిచారు. మూడోసారి అడిగిన ఆ అమ్మాయి అప్పటికే పది పాసై ఇంటర్‌కు వెళ్లిపోయింది, అది నాకు ఇంకా బాధే. వాళ్ల చెల్లెలు మా దగ్గర ఎనిమిదిలో ఉంది, 4వ నంబర్ దగ్గర కూర్చుంటుంది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం బాబాయ్ ఫోన్ చేశాడు. పక్క ఊరి క్లినిక్‌లో తాను ఎప్పుడో వేసిన కేబుల్ దగ్గర ఉన్నాడట, ఎవరూ పిలవకపోయినా వెళ్లి పాత ప్లగ్గులు కోసి మళ్లీ చేస్తున్నాడు, డబ్బు తీసుకోకుండా. "అమ్మా, ఒక్కసారి చెప్పు, ఆకుపచ్చ రెండూ 3, 6 లోనే కదా, మధ్యలో నీలం కదా?" అన్నాడు. "అవును బాబాయ్, 4లో నీలం, 5లో తెల్ల నీలం" అన్నాను. ఫోన్ పెట్టేసేలోపు అవతల టక్కుమని టూల్ నొక్కిన శబ్దం వినిపించింది.